పావు చుట్టు

షెడ్డులో అందరూ అతన్ని నాడి డాక్టరు అనేవారు. బండి ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, హ్యాండిల్‌ను రెండు వేళ్లతో ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పి, కళ్లు మూసుకుని రోగం చెప్పేవాడు. ముందు ఫోర్కుల సీలు చెమ్మగిల్లినా, రాడ్డు వెంట్రుకవాసి వంగినా అతని చేతికి తెలిసిపోయేది. పద్దెనిమిదేళ్లుగా ఆ పార్శిల్ కంపెనీ బళ్లకు అతనే వైద్యుడు. చేతులకే కళ్లున్నవాడికి మొహాన ఇంకో రెండు దండగ అని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు.

ఆ కంపెనీలోనే అతని చెల్లెలు పార్శిళ్లు పంచేది. ఆమెకు బండి నేర్పిందీ, ఉద్యోగం చూపించిందీ అన్నే. మగవాళ్లు కాలు ఆనించే మలుపుల్లో కూడా ఆమె కాలు దించకుండా తిరిగేది.

ఒక సోమవారం పొద్దున్నే బండి తెచ్చి అన్న ముందు నిలబెట్టింది.

"అన్నయ్యా, దీనికి మొండితనం పట్టుకుంది. తిన్నగా పోతున్నంతసేపూ బుద్ధిమంతురాలే. పక్కకి తిప్పబోతే మాట వినదు."

"నీ పోలికే" అన్నాడు అన్న.

తిప్పి చూశాడు. హ్యాండిల్ సరిగ్గా మధ్యకు వచ్చేసరికి గుంటలో పడ్డట్టు ఆగింది. స్టీరింగు మెడలో బేరింగు బాల్సు తిరిగే ఇనుప గిన్నెలకు దెబ్బలు తగిలీ తగిలీ గుంటలు పడ్డాయి. బ్రేకు వేస్తే మెడ దగ్గర టకటకమంటోంది. గిన్నెలూ బాల్సూ మార్చాల్సిందే, వేరే దారి లేదు.

సామాను లేదన్నాడు షెడ్డు ఇన్‌చార్జి. ఆరు వారాలుగా అదే మాట. బండి రోడ్డెక్కకపోతే సాయంత్రం పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాలి గనక, పై నట్టు బిగించి పంపెయ్యమన్నాడు. బిగిస్తే టకటక పోతుంది, నిజమే. కానీ హ్యాండిల్‌ను ఆ గుంట మరింత గట్టిగా పట్టేసుకుంటుంది. ఇన్‌చార్జికి ఈ సంగతి తెలియకపోవచ్చు. నాడి డాక్టరుకు తెలుసు. తెలిసే పావు చుట్టు బిగించాడు. ఆ షెడ్డులో అందరూ చేసే పనే అది. హ్యాండిల్‌కు కట్టే చీటీ మీద "బిగించాను" అని రాస్తే బండిని గేటు దాటనివ్వరు. అందుకని అలవాటు ప్రకారం "బాగుచేశాను" అని రాసి సంతకం పెట్టాడు. వారంలో సామాను వస్తుందని, అందాకా మలుపుల్లో మెల్లగా పొమ్మని చెల్లెలికి చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం వంతెన దిగే మలుపులో బండి తిరగలేదు. ఎదురుగా లారీ వస్తోంది. ఆమె అక్కడికక్కడే పోయింది.

నడిపిన మనిషి అజాగ్రత్త అని కంపెనీ రాసింది. సాక్ష్యం ఆ చీటీయే. బండి బాగుచేసి ఉంది కాబట్టి తప్పు మనిషిదేనట. సామాను కొనని ఆఫీసుది తప్పు కాదు, బిగించమన్న నోటిది తప్పు కాదు. నోరు లేనిది పోయినవాళ్లకే గనక, తప్పంతా వాళ్లదే. కూలివాళ్ల చావులకు ఈ దేశంలో రాసే కాగితాలన్నీ ఒకే చేతిరాతలో ఉంటాయి.

ఆ చావు మీద విచారణ పెట్టారు. దానికి ముందురోజు ఇన్‌చార్జి అతన్ని పక్కకు పిలిచి నచ్చజెప్పాడు. పోయిన మనిషి ఎలాగూ రాదు, నోరు విప్పితే నీ సంతకం నీ మెడకే చుట్టుకుంటుంది అన్నాడు. అతను తిన్నగా తల్లి ఇంటికి వెళ్లాడు.

"అమ్మా, చెల్లికి బండి నడపడం రాదని రాశారు. అది అబద్ధం. బండే బాగాలేదు. తెలిసీ పంపింది నేను."

తల్లి కూతురి బట్టలు మడత పెడుతోంది. చేతులు ఆగలేదు.

"దానికి చెప్పావా?"

"సగమే చెప్పానమ్మా. మెల్లగా పొమ్మన్నాను."

"నువ్వు పొమ్మన్నావనే ఎక్కింది." ఇంకో చీర తీసి దులిపింది. "వెళ్లి ఆ మాట అక్కడ చెప్పు. నా కూతురికి బండి రాదని ఎవడూ రాయడానికి వీల్లేదు. చెప్పాక నాకు కనబడకు."

చెప్పాడు. బండి మెడ విప్పించి, ఆ గిన్నెల్లో గుంటలు విచారణకు వచ్చినవాళ్ల వేళ్లతోనే తడిమించాడు. కాగితం మీద అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. అతని ఉద్యోగమూ తీసేశారు. ఇన్‌చార్జి మాత్రం అదే కుర్చీలో ఉన్నాడు. ఆ వారమే షెడ్డుకు నలభై బళ్లకు సరిపడా కొత్త గిన్నెలు వచ్చాయి.

దిద్దిన కాగితం నకలు పట్టుకుని తల్లి గుమ్మం ముందుకు వెళ్లాడు. ఆమె చెయ్యి చాచి అందుకుంది. ఆమెకు చదువు రాదు. కొడుకుని చదవమనలేదు. పక్కింటావిడను పిలిచి, రెండుసార్లు చదివించుకుని విన్నది. కాగితం జాకెట్టులో దోపుకుని, అతను నిలబడి ఉండగానే తలుపు వేసుకుంది.