బావగారు కూర్చోని కుర్చీ

మొన్న మా దీవిలోని కాత్ర్ బోర్న్ ఊళ్లో మనవరాలు తన కాలేజీలో ఆట చూడమని నన్ను లాక్కెళ్లింది. ఎత్తున ఒక ఇనుప కడియం, దానికి వల. పిల్ల విసిరిన బంతి అందులోంచి జారి కిందపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అయోమయం. బుట్టకి అడుగు లేకపోతే బంతి నిలిచేదెలాగే అంటే, నిలవకూడదు నానమ్మా అంది. నిలవకపోతే మా బావగారికి ఆ ఉద్యోగమే వచ్చేది కాదు కదా అనుకున్నాను.

బావగారంటే మా ఆయన అన్నగారు. బాన్ అక్యూయ్ ఊరి చెరుకు తోటల్లో పెరిగి, ఒక క్రైస్తవ కాలేజీలో గడ్డి కోసే పనికి కుదిరారు. అక్కడ బాస్కెట్ ఆట నేర్పే పొడుగంగీ సన్యాసిగారిని అందరూ ఫ్రేర్‌గారనేవారు, ఫ్రెంచిలో అన్నగారని. స్తంభాలకి కట్టే బుట్టల్ని వాక్వా ఆకుతో, అదే మన మొగలాకులాంటి దానితో, అల్లింది బావగారే. ఆ బుట్టలకి అడుగుండేది. బంతి పడ్డప్పుడల్లా తీయడానికి నిచ్చెన మీద మనిషి కావాలి. ఆ మనిషీ ఆయనే. ఏళ్లతరబడి పైనుంచి చూసి చూసి, ఎవడు ఎటు పరిగెడతాడో, ఎవడికి ఎప్పుడు ఆయాసం వస్తుందో ఆయనకు కంఠతా వచ్చేసింది. ఒకరోజు ఉండబట్టలేక ఫ్రేర్‌గారి చెవిన వేశారు. అలాగే ఆడించి చూస్తే గెలిచారు. దాంతో బావగారు నిచ్చెన దిగి సహాయ శిక్షకుడయ్యారు. పిల్లలు బంతాడుతుంటే పక్కన నిలబడటం ఏం పనో అత్తగారికి చివరిదాకా బోధపడలేదు. నాకూ అంతే. కొత్త కోడల్ని కదా, అన్నీ తెలిసినట్టు తలూపేదాన్ని.

కొన్నేళ్లకి ఫ్రేర్‌గారికి జబ్బు చేసింది. స్వదేశానికి ఓడెక్కుతూ, తన చోటు బావగారికే ఇమ్మని కాలేజీ పెద్దాయనకి చెప్పి వెళ్లారు. నెల తర్వాత పెద్దాయన, శనివారం పందెం చూసి ఖాయం చేస్తానన్నారు. ఇంకేముంది, మా పెద్దోడు మిస్యే, అదే దొరగారు, అయిపోతన్నాడని అత్తగారు టేర్ రూజ్ ఊళ్లో చుట్టాల దాకా కబురు పంపేసింది.

ఆ శనివారం మేం ఆడవాళ్లం గోడవతల నిలబడి చూశాం. శిక్షకుడి కుర్చీ మీద బావగారు కూర్చోలేదు. ఫ్రేర్‌గారు వదిలివెళ్లిన టోపీని తుడిచి దాని మీద పెట్టి, తను వెనక నిలబడ్డారు. మా భజనల్లో పాదుకల పట్టాభిషేకం పాట ఎత్తుకునేది ఆయనే, ఆ ప్రభావం కాబోలు. పెద్దాయన వచ్చి ‘అసిజ్, అసిజ్’ అంటూ కుర్చీ చూపించారు, కూర్చోమని. బావగారు చేతులు కట్టుకున్నారు.

"గురువుగారు బతికుండగా ఆ కుర్చీలో నాను కూకోనండి," అన్నారు. పక్కనున్న మేష్టరు దాన్ని ఫ్రెంచిలో చెప్పాడు.

పందెం గెలిచాం. అయినా కుర్చీలో కూర్చోవడానికే జంకేవాడు పిల్లల్నేం అదుపులో పెడతాడని పెద్దాయన సోమవారం ఆ పని ఇంకెవరికో ఇచ్చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతికందినదాన్ని ఇంత భక్తిగా జారవిడుచుకుంటారా ఎవరైనా! అత్తగారు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం కొత్త శిక్షకుడి కుర్చీ వెనక మామూలుగానే నిలబడ్డారు.

నెల తిరక్కుండా ఓడలో ఉత్తరం వచ్చింది. ఫ్రేర్‌గారు దారిలోనే పోయారట. తేదీ చూస్తే, మా పందేనికి పది రోజుల ముందు. బావగారు స్నానం చేసి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నాతో సూటిగా మాట్లాడే అలవాటు లేని మనిషి, ఆ పూట నావైపే చూసి అడిగారు.

"అయితే ఆయేళ ఆ కుర్చీ ఎవరిదమ్మా?"

మంచినీళ్ల చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టాను. ఇన్నేళ్లయింది, ఆయనా పోయారు, ఇప్పటికీ ఆ ప్రశ్న చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. జరిగేది ఎక్కడో ముందే జరిగిపోతుంది, మనమేమో ఆ కబురు చేరేదాకా నిన్నటి రోజులోనే నిలబడి ఉంటాం.