పిన్ని బండి, బాబాయి చేతులు

మా పిన్ని పళ్ళ సెట్లు తయారు చేస్తుంది. దంతవైద్యుల దగ్గర నుంచి నోటి అచ్చులు వస్తాయి. వాటిలో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నూ అమర్చి, పాలిష్ పట్టి పంపిస్తుంది. రెండో అంతస్తులో ఒకే ఒక్క కిటికీ ఉన్న గది. రోజంతా చిన్న మోటారు రొద. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా తెల్లటి పొడి. దారిలో ఎవరైనా పెద్దవాళ్ళు నవ్వుతూ పలకరిస్తే ఆవిడ ముందు చూసేది ముఖం కాదు, పళ్ళు. వాళ్ళు అటు వెళ్ళగానే "పై వరస నాదే" అని నా చెవిలో గొణుగుతుంది.

బాబాయి పుస్తకాలకు బైండింగు చేస్తాడు. మెత్తటి మనిషి, అంతకు మించి జాగ్రత్త మనిషి. బస్సెక్కితే డ్రైవరు వెనక సీటే కావాలి, అదీ రెండు చేతులా కడ్డీ పట్టుకుని. అలాంటి మనిషితో ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ పిన్ని చల్లగా చెప్పింది.

"ఏవండీ, నేనో బండి కొనుక్కుందామనుకుంటున్నాను."

"మంచిదే. చిన్న కారేదైనా చూద్దాం."

"కారు కాదు, ట్రక్కు. నాలుగు చక్రాలూ లాగేది. పాతదైనా పర్వాలేదు. రోడ్డు లేని చోట నడపడానికి."

బాబాయి కప్పు కింద పెట్టాడు. "రోడ్డు లేని చోట మనకేం పనే?"

"ఏ పనీ లేదు. అందుకే."

అసలు సంగతి ఏమిటంటే, అంతకు ముందు నెల పిన్నికి ప్లాస్టరు బస్తాలు తెచ్చే ఆయన తన పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఆవిడను ఇంటి దగ్గర దింపాడు. ఆ రోజు వంతెన మరమ్మతులో ఉంది. ఆయన చుట్టూ తిరిగి వెళ్ళకుండా బండిని నేరుగా ఎండిన ఏట్లోకి దించేశాడు. గులకరాళ్ళ మీద ఊగుతూ, ఇసుకలో ఈదుతూ, బండి అవతలి గట్టెక్కింది. పిన్ని ఇంటికొచ్చి ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదట. "ఇన్నేళ్ళూ వెంట్రుకవాసి తేడా రాకూడదని ఊపిరి బిగబట్టి బతికానే! అక్కడ ఎటు తిప్పితే అటు దారే" అని నాతో అంటుంటే, బొమ్మ కొనిపెట్టమని అడిగే పిల్లలా వెలిగిపోయింది ఆవిడ ముఖం.

పిన్ని పట్టు పట్టిందంటే విడిపించడం ఎవరి తరమూ కాదు. ఆవిడ తమ్ముడు, అంటే మా మావయ్య, మెకానిక్కు. ఆయన షెడ్డుకొచ్చే బళ్ళ మీదే పిన్ని ఎప్పుడో డ్రైవింగు నేర్చుకుంది. ఆయన్ని వెంటేసుకుని బళ్ళు చూడడం మొదలుపెట్టింది. నేనూ తోకలా వెంటపడ్డాను. బాబాయి కూడా వచ్చాడు, ఆపగలనేమోనన్న ఆశతో.

మొదటి బండి పాత బళ్ళమ్మే వాళ్ళ దగ్గర చూశాం. ఎర్రగా, అద్దంలా మెరిసిపోతోంది. మావయ్య కింద దూరి, అడుగునున్న ఇనుప చట్రం మీద స్క్రూడ్రైవరుతో ఒక్క పోటు పొడిచాడు. అది పిడి దాకా లోపలికి దిగిపోయింది.

"అక్కా, ఇది బండి కాదే. రంగేసిన అట్టపెట్టె."

పిన్ని కూడా వంగి చూసి పకపకా నవ్వింది. "పుచ్చుపన్ను మీద తొడుగు వేసి అమ్ముతున్నార్రా!"

రెండోది ఊరి చివర, పాడుపడిన రాళ్ళ క్వారీ పక్కనున్న ఇంట్లో దొరికింది. అమ్మేది రిటైరైన సర్వేయరు గారు. కొండలూ గుట్టలూ కొలుస్తూ ఆ బండిలోనే ఉద్యోగమంతా గడిపిన మనిషి. ఇప్పుడు చూపు మందగించిందని అమ్మకానికి పెట్టారు. బండి ఒకప్పుడు ఆకుపచ్చ రంగే కావచ్చు, ఎండకు వెలిసి ఏ రంగో చెప్పలేకుండా తయారైంది. ఒక తలుపు మాత్రం నీలం. చిరిగిన సీట్లను ఎవరో గోనెసంచి కుట్టినట్టు పురికొసతో కుట్టారు. రెండు వరసల సీట్ల వెనక సామాను వేసుకునే తొట్టి, దాని నిండా సొట్టలు.

మావయ్య కింద దూరి ఎంతకీ బయటికి రాడే! బాబాయి ముఖంలో ఆశ చిగురించింది. చివరికి మావయ్య ముక్కు మీద గ్రీజు మరకతో లేచి, "పైన చూడ్డానికేం లేదు గానీ, కింద ఎముక ఉక్కు బావా" అన్నాడు. బాబాయి ఉసూరుమన్నాడు.

సర్వేయరు గారు మమ్మల్నందర్నీ ఒకసారి పరకాయించి చూశారు. "మొన్నొకాయన వచ్చి తన హోటలు ముందు అలంకారంగా నిలబెట్టుకుంటానన్నాడు. దణ్ణం పెట్టి పంపించేశాను. ఇంతకీ దీన్ని నడిపేది ఎవరు?"

"నేనేనండీ" అంది పిన్ని.

"అలాగా! అయితే ఆ క్వారీ గుట్ట ఎక్కించి చూపించమ్మా. ఆ తర్వాత బేరం మాట్లాడుకుందాం."

మామూలు గేరు పక్కన ఇంకో చిన్న లీవరుంది. దాన్ని వెనక్కి లాగితే నాలుగు చక్రాలకూ బలం అందుతుంది, బండి నెమ్మదిగా, మొండిగా నడుస్తుంది. ఆయన అది చూపించి వెనక సీట్లో నా పక్కన కూర్చున్నారు. బాబాయి కళ్ళు మూసుకుని ముందు సీటెక్కాడు. మావయ్య కింద నిలబడ్డాడు.

గుట్ట సగం ఎక్కేదాకా బాగానే ఉంది. అక్కడ ఒక బండరాయికి చక్రం తగిలి, ఇంజను గుడగుడలాడి ఆగిపోయింది. బండి మెల్లగా వెనక్కి జారింది. పిన్ని బ్రేకు మీద నిలబడ్డట్టే తొక్కి ఆపింది.

"నన్ను దింపు! నేను దిగిపోతాను!" అని అరుస్తూ బాబాయి తలుపు తీసుకుని దూకేశాడు.

ఇక నడిచి ఇంటికెళ్ళిపోతాడనుకున్నాం. వెళ్ళలేదు. బండి ముందుకు వెళ్ళి నిలబడి గుట్ట వైపు చూశాడు. వంగి ఒక రాయిని చేత్తో కదిపి చూశాడు. పక్కకు నడిచి ఇంకో రాయిని కాలితో తన్నాడు. బైండింగు పూర్తయిన పుస్తకాన్ని కంటి దగ్గర పెట్టుకుని, అంచు వంకరగా ఉందేమో చూసే చూపు అది. ఆ తర్వాత బండి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు.

"ఇదిగో, ఇటు చూడు. ఆ రాయిని తప్పించుకోవద్దు. ఎడమ చక్రం దాని నెత్తిన పెట్టు. అది కదలదు, నేను చూశాను."

"రాయి మీదికా?" పిన్ని తెల్లబోయింది.

సర్వేయరు గారు సీటు మీంచి ముందుకు వంగారు. "ఆయన చెప్పినట్టు చెయ్యమ్మా. సరిగ్గా చెప్తున్నాడు."

బాబాయి వెనక్కి వెనక్కి నడుస్తూ అరచేతులు ఊపసాగాడు. కొంచెం కుడికి. ఇంకొంచెం. ఆపు. ఇప్పుడు రా. పిన్ని చూపు ఆ చేతుల మీంచి పక్కకు కదలలేదు. చక్రం రాయెక్కింది, బండి పక్కకు ఒరిగింది, నేను సర్వేయరు గారి ఒళ్ళో పడ్డాను. ఇంజను ఒక్క గర్జన చేసింది. తీరా చూస్తే మేము గుట్ట మీద ఉన్నాం, కింద ఊరంతా పరుచుకుని ఉంది.

పిన్ని దిగి వెళ్ళి రోడ్డే లేని ఆ చోట బాబాయిని గట్టిగా కావలించుకుంది. "ఎలా తెలిసిందండీ మీకు?"

"ఏమో మరి." బాబాయి ముఖం విప్పారింది. "లోపల కూర్చుంటే ఒట్టి భయం. బయట నిలబడితే బండి ఎటు ఒరుగుతుందో ముందే కనిపిస్తోంది."

బేరానికి ఎంతోసేపు పట్టలేదు. సర్వేయరు గారు ఒక ధర చెప్పి, వెంటనే ఆయనే తగ్గించారు. "ఒక్క షరతు. అప్పుడప్పుడూ నన్నూ తీసుకెళ్ళాలి" అన్నారు.

తర్వాత కొన్నాళ్ళు పిన్ని సాయంత్రాలన్నీ మావయ్య షెడ్డులోనే గడిచాయి. మైనం చెక్కే సన్నటి పనిముట్లు తెచ్చి కార్బ్యురేటరు రంధ్రాల్లోని మడ్డి తవ్వి తీస్తుంటే, మావయ్య నోరు వెళ్ళబెట్టి చూసేవాడు. బాబాయి సీట్లకున్న పురికొస పీకేసి, పుస్తకాల అట్టలకు వాడే గుడ్డ వేసి తన చేత్తో కుట్టాడు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి, "ఈ తుక్కుబండితో ఏం చేస్తారండీ?" అని అడిగితే, బాబాయే ముందుకొచ్చి జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. "గుట్టలెక్కుతామండీ. వస్తారా?"

మొన్న వానలకు చెరుకు తోటల అవతలి వాగు దగ్గరికి నలుగురం వెళ్ళాం. సర్వేయరు గారు ముందు సీట్లో దొరబాబులా కూర్చున్నారు. బాబాయి ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, కర్రతో లోతు చూస్తూ నీళ్ళలోకి దిగాడు. "ఇక్కడ గట్టిగా ఉంది, రా రా" అని చేతులూపాడు. పిన్ని వచ్చింది. బాబాయి చెప్పిన చోటు గట్టిగానే ఉంది. బాబాయి నిలబడ్డ చోటే మెత్తన. మాట పూర్తికాకుండానే నడుం దాకా బురదలో దిగబడ్డాడు. బండి వాగు దాటుతూ మిగిలిన బురదంతా ఆయన నెత్తిన కుమ్మరించింది.

పిన్ని బండి ఆపి, పరుగున వచ్చి చెయ్యి అందించింది. లాగబోయి తనూ బోర్లా పడింది. ఇద్దరూ పైకి తేలారు. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. పిన్నికి కోపమొచ్చిందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను. ఆవిడ బాబాయి ముఖంకేసి చూసింది, ఆయన ఆవిడ ముఖంకేసి చూశాడు. అంతే, ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. బండిలోంచి సర్వేయరు గారి నవ్వు కూడా కలిసింది. బస్సు కడ్డీ వదలని మా బాబాయి అలా విరగబడి నవ్వడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

నేనూ ఒక చెయ్యి వేసి ఇద్దర్నీ గట్టుకు లాగాను. "ఇక ఇంటికెళ్దామా?" అన్నాను.

బాబాయి కళ్ళమీది బురద తుడుచుకుని వాగు వంక తేరిపార చూశాడు. "అప్పుడేనా! ఆ కుడి పక్కన ఇంకా మంచి దారి ఉన్నట్టుంది. ఏమే, ఒకసారి వెనక్కి తీసుకురా."

పిన్ని అప్పటికే డ్రైవరు సీట్లో ఉంది.