పొద్దుటి మాత్ర

నా స్నేహితురాలికి క్యాన్సర్ ముదిరిపోయిందని, ఇక వైద్యం పనిచేయదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. ఆమెది గద్వాలలో నేత కుటుంబం. మోకాళ్లు మొరాయించేదాకా మగ్గం దిగని మనిషి. చిన్నప్పుడు వనపర్తి బడిలో ఇద్దరం ఒకే బెంచీ. నేను వనపర్తిలోనే ఉండిపోయాను. మంగళ, శుక్రవారాల్లో పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రం దాకా ఆమె దగ్గర ఉండేదాన్ని.

వెళ్లిన ప్రతిసారీ దుప్పటి అంచు గుప్పిట్లో బిగించి మూలుగుతూ కనిపించేది. వారానికోసారి వచ్చే నర్సు, నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకు మాత్ర వేయమని నా ముందే స్నేహితురాలి కోడలికి చెప్పింది. మరి ఈ మూలుగేమిటి? కోడలు నా కళ్లలోకి చూడదు. నేను గదిలోకి రాగానే మాత్రల డబ్బా పట్టుకుని వంటింట్లోకి పోతుంది. నాకు అనుమానం పుట్టింది. ఒక శుక్రవారం ఆ అమ్మాయి నీళ్లు పట్టడానికి బయటికి వెళ్లినప్పుడు డబ్బా తెరిచాను. ఆ రోజు గడిలో పొద్దుటి మాత్ర అలాగే ఉంది.

ఆ అమ్మాయి తిరిగి రాగానే నిలదీశాను. "అత్తకు మందెందుకు ఎగ్గొడుతున్నవ్?"

కోడలి ముఖం కందిపోయింది. "నన్నెందుకు అడుగుతరు? పోయి అత్తమ్మనే అడుగుండ్రి."

అడిగాను. స్నేహితురాలు గోడవైపు తిరిగింది.

"దాన్నేమనకు. నేనే వద్దన్న. అది మింగితే నిద్ర ముంచుకొస్తది. నువ్వు గంత దూరం నుంచి వస్తవ్. నేను పండుకుంటే ఎవరితోని మాట్లాడుతవ్?"

అంటే నేను వచ్చిన రోజుల్లోనే ఆమె నొప్పి పడుతోంది.

"నువ్వు పండుకున్నా ఈడనే కూసుంట. మాత్ర ఏసుకో" అన్నాను.

"నేను పండుకోంగనే బస్సుకు పోతవ్."

"పోను. లేచి సూడు, ఉంటనో లేనో."

నమ్మకం లేకుండానే మింగింది. నిద్రలోకి జారేముందు రెండుసార్లు కళ్లు తెరిచి నేనున్నానో లేదో చూసింది. కోడలు నా పక్కన చాయ్ పెట్టింది. తప్పు నాదేనని చెప్పాను. "సరే" అంది, అంతే. ఆ తర్వాత కూడా వెళ్లగానే నా చూపు డబ్బా మీదికే పోయేది. ఆ అమ్మాయి అది గమనించి మూత తీసి నా ముందు పెట్టేది.

కొన్ని వారాలకు, నేను లేని రోజున, కోడలి నుంచి ఫోన్ వచ్చింది. స్నేహితురాలు పోయిందని చెప్పింది. నేను మొదట అడిగింది నొప్పి పడిందా అనే. ఆ ప్రశ్న ఆ అమ్మాయికి ఎలా వినిపించిందో ఇప్పటికీ తెలియదు.

"లేదమ్మా. నా చెయ్యి పట్టుకొనే పండుకున్నది" అని ఏడ్చింది.

నేను గద్వాల బస్సెక్కాను.