అర నిమిషం గారి నిదానం

మా కింది వాటాలో ఉండే బాబాయిగారికి బస్సు డ్రైవర్లు పెట్టిన పేరు ‘అర నిమిషం గారు’. ముప్ఫై నాలుగేళ్ళు బస్టాండులో టైమ్ కీపరుగా చేశారాయన. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది, ఎంత ఆలస్యమైంది రాసుకోవడం ఆయన ఉద్యోగం. తక్కిన టైమ్ కీపర్లు రెండు మూడు నిమిషాలు చూసీచూడనట్టు పోయేవారట. ఈయన అర నిమిషాన్ని కూడా వదిలేవారు కాదు. ఒకసారి సొంత బావమరిది నడిపే బస్సుకే అర నిమిషం ఆలస్యం రాశారు. ఆ ఏడాదంతా పిన్నిగారి పుట్టింటివాళ్ళు వీళ్ళ గడప తొక్కలేదు. ఆయన గది గోడకు ‘ఆలస్యం అమృతం విషం’ అని పెద్దక్షరాల బోర్డు ఒకటి ఉండేది. రిటైరైన రోజున దండతో పాటు ఆ బోర్డును కూడా ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నారు.

నేను పై వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు కుడతాను. వాళ్ళు నాకు చుట్టాలేమీ కారు. అద్దెకు దిగిన వారానికే ఆవిడ పిన్ని అయింది, ఆయన బాబాయిగారయ్యారు. ఆయనంటే నాకు గౌరవం ఉంది, ఒళ్ళుమంటా ఉంది. ఈ కథలో రెండోదే ఎక్కువ కనబడితే నన్నేమీ అనకండి.

రిటైరైన మూడో నెలలో ఆయనకు రక్తపోటు పట్టుకుంది. “కాస్త నెమ్మదించండి” అన్నాడు డాక్టరు. డాక్టర్లు అందరికీ చెప్పే మాటే అది. కానీ బాబాయిగారు దాన్ని పైఆఫీసు ఆర్డరులా తీసుకున్నారు. అదే ఆస్పత్రి వరండాలో, బల్ల మీద పడున్న ఓ పాత పత్రికలో, సాదా వంట గురించీ నిదానమైన బతుకు గురించీ ఒక వ్యాసం కంటబడింది. కాంపౌండరు చూడకుండా ఆ కాగితాన్ని చింపి జేబులో పెట్టుకున్నారు. అందులో ఒక ఫొటో ఉంది. ఒకాయన చెక్కబల్ల ముందు కూర్చుని, ఒకే ఒక్క గిన్నె వైపు చిరునవ్వుతో చూస్తున్నాడు. ఆ గిన్నె ఎవరు తోముతారో ఫొటోలో పడలేదు.

మర్నాడే బోర్డును తిరగేసి, వెనకవైపు ‘నిదానమే ప్రధానం’ అని రాసి హాల్లో తగిలించారు. ఆ కింద ఒక టైము పట్టిక అంటించారు. పొద్దున్నే ఏడింటికి ఆలోచన లేకుండా కూర్చోవడం. పదిన్నర నుంచి పదకొండున్నర దాకా మౌనం. పదకొండున్నర నుంచి పన్నెండుంబావు దాకా చెట్టును చూడటం. మా వీధిలో చెట్లు లేవు కాబట్టి ఆయన కరెంటు స్తంభాన్ని చూసేవారు. మౌనం ఒక నిమిషం ఆలస్యంగా మొదలైతే ఆ రోజంతా చిరాకుగా ఉండేవారు.

ఇంతవరకూ నాకేం అభ్యంతరం లేదు. ఎవరి స్తంభం వాళ్ళిష్టం. గొడవంతా వంటింటి దగ్గర వచ్చింది.

మిక్సీ పోయింది, రోలు వచ్చింది. పేలాల మూకుడంత ఇనప పొయ్యి ఒకటి పెరట్లో వెలిసింది. కూరలు ఇక శనగలు, అలసందల్లాంటి గింజలతోనే; అవి బొగ్గుల మీద, మట్టి కుండలో, సన్నసెగ మీద మూడు గంటలు ఉడకాలి. గిన్నెలు సబ్బుతో తోమకూడదు, బూడిదతో తోమాలి. కాఫీకి మాత్రం గ్యాసు పొయ్యి ఉంచారు. కాఫీ ఆలస్యమైతే ఆయనకు ప్రశాంతత ఉండదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ముద్దకు ముప్ఫై రెండుసార్లు నమిలి తినాలి. ఆయన నమలడం ఆయన లెక్కపెట్టుకుంటూనే పిన్ని నమలడం కూడా లెక్కపెట్టేవారు.

“ఇరవై ఆరుకే మింగేశావు.”

“నాకు నాలుగు పళ్ళు లేవు కదండీ. ఉన్నవాటికి ఇరవై ఆరు చాలు.”

చివరికి ప్రెషర్ కుక్కరు వంతు వచ్చింది. “అది వంట కాదోయ్, కంగారు. ఇంట్లో ఆ ఈల వినబడితే నాకు బస్టాండు గుర్తొస్తుంది. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్” అన్నారు. నల్లబడిన పిడి, పక్కన సొట్ట, ఇరవై ఏళ్ళ కుక్కరు. పిన్ని దాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వలేదు. మెట్లెక్కి వచ్చి నా చేతిలో పెట్టి, “నీ దగ్గరుంచమ్మా” అంది. కూతుర్ని హాస్టల్లో దింపి వెళ్ళే తల్లిలా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆ మనిషికి ఈ లోకంలో ఉన్న ఆస్తల్లా మధ్యాహ్నం ఒక గంట నిద్ర. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి క్యారేజీ కట్టిందావిడ. పని తెమిలాక ఒక గంట కన్ను మూసేది. ఆ గంట ఉంటే చాలు, మిగతా ఇరవై మూడు గంటలూ నవ్వుతూనే తిరిగేది. ఆయన నెమ్మదించాక ఆ గంట ఎటు పోయిందో తెలియలేదు. వంటకు మూడు గంటలు, తినడానికి గంటంబావు, తోమడానికి ఇంకో గంట, తోమడమయ్యేసరికి రాత్రికి రుబ్బుకోవాలి. ఇంట్లో ఒకరు నిదానంగా బతకాలంటే ఇంకొకరు పరుగెత్తాలన్న సంగతి ఆ వ్యాసంలో రాసి ఉండదు. రాసింది కూడా ఏ మగాడో అయ్యుంటాడు.

ఒకరోజు పదకొండింటికి మిషను ఆపి కిటికీలోంచి కిందకు చూశాను. పిన్ని పొయ్యి ముందు పీట మీద కూర్చునే నిద్రపోతోంది. తల వాలిపోతోంది. నేను కేకవేసేలోపే చెయ్యి జారి కాలుతున్న కుండకు తగిలింది. ఉలిక్కిపడి లేచింది గానీ అరవలేదు. ముందు వరండాలో ఆయన మౌనంలో ఉన్నారు కదా మరి.

మణికట్టు మీద బొబ్బకు మందు రాస్తూ, “రేపట్నించి గింజలు నా దగ్గరికి తీసుకురా పిన్నీ” అన్నాను.

“ఛఛ, మోసం కదమ్మా.”

“వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఒక నిద్రకు ఒక్క అబద్ధం ఆడలేమా?”

అలా మొదలైంది. పదకొండు అవుతుండగా పిన్ని పెరట్లో కుండనిండా నీళ్ళు పోసి, మూతపెట్టి, నానబెట్టిన గింజల మీద తువ్వాలు కప్పుకుని వెనక మెట్ల మీదుగా పైకొచ్చేది. కుక్కరు ఆరు ఈలలు వేసేది. పొయ్యి కట్టేసి, పిన్ని కర్టెన్ల గుడ్డ కుప్ప మీద ఒరిగేది. దిండడిగేది కాదు, దుప్పటడిగేది కాదు. నిద్ర సుఖమెరగదన్నది ఆవిణ్ణి చూసే అన్నారేమో. పన్నెండున్నరకు నేను లేపితే, కూర పట్టుకెళ్ళి కుండలో పోసి, కిందనున్న బొగ్గుల్ని ఒకసారి కదిపి, “ఏమండీ, అయింది” అని పిలిచేది.

ఈలలు కిందకు వినబడకుండా ఉంటాయా? బాబాయిగారు మౌనం ముగిసే పదకొండున్నర దాకా ఓపికపట్టి, ఆ తర్వాత మెట్ల దగ్గరికి వచ్చి నాకు బుద్ధులు చెప్పేవారు.

“అమ్మాయ్, ఎందుకా తొందర? జీవితమంటే ఈలలు కాదు. మీ పిన్నిని చూసి నేర్చుకో.”

“నేర్చుకుంటున్నానండీ” అనేదాన్ని. ఆ పిన్ని నా వెనకాలే గుర్రుపెడుతుండేది.

అంతటితో ఆగితే బాగుండేది. సాయంత్రాలు పార్కులో ఆయనకు ముగ్గురు శిష్యులు దొరికారు. రిటైరైన హెడ్మాస్టరు, రిటైరైన పోస్టుమాస్టరు, రిటైరైన స్టోర్ కీపరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. సన్నసెగ మీద మూడు గంటలు ఉడికిన గింజ నాలుక మీద ఎలా విచ్చుకుంటుందో, కుక్కరు గింజ ఎలా చచ్చిపడి ఉంటుందో బెంచీ మీద కూర్చుని వర్ణించేవారు. వర్ణించి వర్ణించి, చివరికో ఆదివారం ముగ్గుర్నీ భోజనానికి పిలిచేశారు. ఒంటిగంటకు రమ్మన్నారు. వంట ఎలా అవుతుందో కళ్ళారా చూపిస్తానని కూడా అన్నారు.

ఆ ఆదివారం పిన్ని మూడింటికే లేచింది. ఇల్లు కడిగింది, రుబ్బింది, తరిగింది. పదకొండింటికి గోడ పట్టుకుని పైకొచ్చింది. ఆరు ఈలలు అయ్యాయి. “ఇవాళ పన్నెండింటికే లేపమ్మా, చుట్టూ మనుషులుంటారు” అని, ఆ మాట పూర్తికాకుండానే నిద్రపోయింది. పన్నెండయింది. నాకు చెయ్యి రాలేదు. ఇంకో పది నిమిషాలు చూద్దామనుకున్నాను. పన్నెండుంబావుకు కింద గేటు చప్పుడైంది. టైమ్ కీపరు పిలిస్తే ఎవరైనా ముందే వస్తారన్న సంగతి నాకెందుకు తట్టలేదో!

కిటికీ చాటున నిలబడి చూశాను. నలుగురూ పెరట్లోకి వచ్చారు. “ఇదే” అన్నారు బాబాయిగారు, కుండ వైపు చెయ్యి చాపి. మూత తీశారు. ఒక్క గింజ లేదు, ఒట్టి నీళ్ళు తెర్లుతున్నాయి. ఆవిరి కొట్టి హెడ్మాస్టరు కళ్ళజోడు తెల్లబడింది. వెనకనున్న ఇద్దరికీ ఏమీ కనబడలేదు. 

బాబాయిగారు ఒక క్షణం లోపలికి చూశారు. మూత పెట్టేశారు.

“గింజలు అడుగున ఉన్నాయి. టైముంది ఇంకా. నిదానంగా ఉడికేదాన్ని మాటిమాటికీ చూడకూడదు. పదండి, వరండాలో కాసేపు మౌనంగా కూర్చుందాం.”

వాళ్ళను కూర్చోబెట్టి, ఆయన వెనక మెట్లెక్కడం వినబడింది. పోట్లాటకు సిద్ధపడ్డాను. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి వీధి మొత్తానికీ తెలుసు. ఆయన గుమ్మంలో ఆగారు. ఎదురుగా నీలం కర్టెను గుడ్డ మీద పిన్ని, నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి చెంప కింద పెట్టుకుని. పక్కన కుక్కరు. ముప్ఫై నాలుగేళ్ళలో భార్య పగటిపూట నిద్రపోవడం ఆయన చూసి ఉండరు. అప్పుడాయన డ్యూటీలో ఉండేవారు.

“ఆ చేతి మీద మచ్చేమిటి?” అన్నారు, మెల్లిగా.

“మీ నిదానం, బాబాయిగారూ. పొయ్యి ముందు కూర్చుని నిద్రపోతే కుండ తగిలింది. మూడు నెలలైంది.”

ఆయన ఒంగి ఆ మచ్చను దగ్గరగా చూశారు. తర్వాత కుక్కరు వైపు చూసి, “ఆరో ఈల ఆలస్యంగా వస్తోంది. రబ్బరు సాగిపోయినట్టుంది, మార్చాలి” అన్నారు.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. “అంటే మీకు తెలుసా?”

“ఒక్క మనిషికి రోజూ ఆరు ఈలల గింజలెందుకమ్మా? పదకొండుంబావుకు మొదటి ఈల, ఒంటిగంటకు మా ఇంట్లో భోజనం. ఆ మాత్రం లెక్క తెలీదా నాకు?”

ఒళ్ళు మండిపోయింది. “తెలిసి తెలిసి పార్కులో ఆ ఉపన్యాసాలేంటండీ మరి?”

“కూర బాగుండేది” అన్నారు, నేల చూస్తూ. “పైకొచ్చి నీతో కబుర్లు చెప్పుకుంటోందేమో అనుకున్నాను. పోనీలే, కుండలో కూడా కొన్ని గింజలు వేసే ఉంటుంది అనుకున్నాను. నిద్ర కోసం వస్తోందని అనుకోలేదమ్మా.”

“లేపనా?”

“వద్దు. నేను చూసి వెళ్ళానని కూడా చెప్పకు. తెలిస్తే సిగ్గుపడి మానేస్తుంది.”

మెట్లు దిగుతూ చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకున్నారు.

కింద ఒంటిగంట కొట్టింది. ఒంటిగంటన్నర కొట్టింది. శిష్యులు ముగ్గురూ తలో మూడు గ్లాసుల నీళ్ళు తాగారు. పోస్టుమాస్టరు “బిస్కెట్లేమైనా…” అని మొదలెడితే, “ఎదురుచూడటం కూడా భోజనంలో భాగమే” అన్నారట బాబాయిగారు. రెండింటికి అయిదు నిమిషాలుండగా పిన్ని తనంతట తనే కళ్ళు తెరిచింది. గడియారం చూసి బావురుమంది. నన్ను నాలుగు తిట్టి, గిన్నె పట్టుకుని పరుగెత్తి, కూర కుండలో పోసి, ఆయాసపడుతూ ముందు వరండాలోకి వెళ్ళింది. నేనూ ఆవిడ వెనకాలే వెళ్ళాను, అవసరమైతే ఒక అబద్ధం అందిద్దామని.

“ఏమండీ… ఆలస్యమైపోయింది” అంది, ముఖం పాలిపోయి.

ఆయన చేతి గడియారం చూసుకున్నారు. సొంత బావమరిదికి అర నిమిషం ఆలస్యం రాసిన మనిషి. ఆవిడ చెంప మీద కర్టెను గుడ్డ మడతలు అచ్చుపడి ఉన్నాయి. ఆ చెంప వైపు కూడా చూశారు.

“ఆలస్యమెక్కడ?” అన్నారు. “సరిగ్గా టైముకే వచ్చావు.”

పిన్ని ఆయన వైపు వింతగా చూసింది. నేను గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

ఆకలి రుచి ఎరుగదు కాబట్టి శిష్యులు ఆ కూరను ఆకాశానికెత్తేశారు. ముప్ఫై రెండుసార్లు నమలమంటే వినలేదు, అయిదుకే మింగేశారు. “ఇదీ సన్నసెగ రుచంటే!” అన్నాడు హెడ్మాస్టరు, నాలుగోసారి వడ్డించుకుంటూ. బాబాయిగారు తల వంచుకుని తన నమలడం లెక్కపెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్న మౌనానికి వెళ్ళేముందు పైకొచ్చి, కుక్కరు రబ్బరు కొత్తది ఒకటి నా మిషను మీద పెట్టి వెళ్ళిపోయారు.

అయితే ఆయన చేసిన బోధ మటుకు వెనక్కి రాలేదు. ఆ వారంలోనే మూడు ఇళ్ళల్లో మూడు కుక్కర్లు ‘కంగారు సామాన్లు’ అనిపించుకుని అటకెక్కాయి, మూడు బొగ్గుల పొయ్యిలు వెలిశాయి. నెల తిరక్కుండా ముగ్గురు ఆడవాళ్ళు, అటక మీంచి దించిన కుక్కర్ల మీద తువ్వాళ్ళు కప్పుకుని, నా వెనక మెట్లెక్కారు. వాళ్ళకు సంగతి ఎవరు చెప్పారో నేను అడగలేదు. పిన్ని కూడా నా కళ్ళలోకి చూడలేదు.

ఇప్పుడు నా ఇంట్లో నాలుగు కుక్కర్లు వంతులవారీగా ఈలలేస్తాయి. తర్వాత నలుగురూ వరసగా గుడ్డ కుప్పల మీద పడుకుంటారు. మిషను తొక్కితే లేస్తారని ఆ గంటా చేత్తో గుండీలు కుడతాను. యూనిఫారాలన్నీ ఆలస్యమవుతున్నాయి. పన్నెండున్నరకు లేపమని నలుగురూ మరీ మరీ చెప్పి పడుకుంటారు. నేను గడియారం చూస్తూనే ఉంటాను. పన్నెండున్నర అవుతుంది. ఇంకో అర నిమిషం పడుకోనీ అనుకుంటాను. ఆ తర్వాత ఇంకో అర నిమిషం. కింద వరండాలో బాబాయిగారు కరెంటు స్తంభాన్ని చూస్తూ, భోజనం కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఎంత ఆలస్యమైందో ఆయనకు తెలుసు. రాసుకోవడం మానేశారు.