బాలకుమారి చూసినది

నార్త్ యార్క్‌లో మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నం ఒక స్కూలు జిమ్‌లో జరుగుతుంది. పాటలు ఊపందుకున్నాక పాస్టరుగారు "చేతులెత్తి స్తుతిద్దాం" అంటారు. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఐటీ కుర్రాళ్ళు, బిడ్డల్ని చంకనేసుకున్న తల్లులు, అందరూ చేతులెత్తుతారు. వెనక వరసలో బాలకుమారి ఆంటీ మాత్రం రెండు చేతులూ కోటు జేబుల్లోనే ఉంచుకుని నిలబడుతుంది. ఒకసారి పాస్టరుగారు నవ్వుతూ అడిగారు కూడా.

"నా చేతుల సంగతి ప్రభువుకి తెలుసులే అయ్యగారూ" అంది. భుజం నొప్పేమో అనుకున్నాం.

ఆరాధన అయ్యాక ఆమెను నా కారులో ఇంటి దగ్గర దించేదాన్ని. రెండేళ్ళ కిందట ఒక ఫిబ్రవరి ఆదివారం, ఆమె అపార్ట్‌మెంటు ముందు నా కారు బ్యాటరీ చచ్చిపోయింది. అటుగా వెళుతున్న ఒక నల్లజాతి కుర్రాడు ఆగి, తన కారు తెచ్చి, కేబుళ్ళు తగిలించి, నా కారు బానెట్ ఎత్తి వంగాడు. అప్పటిదాకా నా పక్కన నిలబడి ఉన్న ఆంటీ పెద్దగా అరిచింది.

"ఎవర్టన్! లోపలికి పో! లోపలికి పోరా నాయనా!"

ఆ తెలుగు అతనికి అర్థం కాలేదు. మర్యాదగా నవ్వి మళ్ళీ పనిలో పడ్డాడు. ఆమె మాత్రం పార్కింగ్ లాట్‌లోకి వచ్చే ప్రతి కారునూ చూస్తూ, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కారు స్టార్టయ్యి ఆ అబ్బాయి వెళ్ళిపోయాక, పైకి తీసుకెళ్ళి టీ పెట్టి ఇచ్చాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు కొంత, తర్వాత కొంత. మిగతాది ఆమె కూతురు హోప్ దగ్గర విన్నాను.

బాలకుమారిది చీరాల దగ్గర ఒక పల్లె. పెళ్ళయ్యాక భర్త ఆనందబాబుతో టొరంటో వచ్చింది. అది ఎనభైల నడిమి కాలం. ఆయన ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో, ఆమె ఒక వృద్ధుల హోమ్ వంటగదిలో. మూడో అంతస్తులో చిన్న అద్దె ఇల్లు. ఎదురు తలుపు వెర్లిన్‌ది. జమైకా నుంచి వచ్చి ఒంటరిగా కొడుకును పెంచుకుంటున్న మనిషి. బాలకుమారి డ్యూటీకి వెళితే హోప్‌ను వెర్లిన్ చూసుకునేది. వెర్లిన్ హాస్పిటల్లో క్లీనింగుకు వెళితే ఆమె కొడుకు ఎవర్టన్‌కు బాలకుమారి అన్నం పెట్టేది. ఇద్దరికీ మాటలు పూర్తిగా కలిసేవి కావు. ఆ లోటు వాళ్ళకు తెలిసేది కాదు. ఎవర్టన్‌కు పంతొమ్మిదేళ్ళు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. కారిడార్‌లో హోప్ సైకిలును వెనకనుంచి తోస్తూ "ఆంటీ బాలా, దారి ఇవ్వండి" అని కేక పెట్టేవాడు.

ఒక మార్చి శనివారం పొద్దున, ఫ్రిజ్‌లో పట్టక బాల్కనీ చలిలో ఉంచిన చేపల పులుసు గిన్నె తెచ్చుకుందామని బాలకుమారి బయటికి వచ్చింది. కింద పార్కింగ్‌లో ఎవర్టన్ వాళ్ళమ్మ పాత కారు బానెట్ ఎత్తి ఏదో బాగుచేస్తున్నాడు. ఎవడో కారు పగలగొడుతున్నాడని ఎవరో ఫోన్ చేశారట. పోలీసు కారు వచ్చి ఆగింది. ఒక పోలీసు దిగి అరిచాడు. ఎవర్టన్ వెనక్కి తిరిగి, రెండు చేతులూ తలకంటే పైకి లేపాడు. ఒక చేతిలో నూనె తుడుచుకునే గుడ్డ ఉంది. గుడ్డ ముందు పడిందో, తుపాకి ముందు పేలిందో ఆమె ఈనాటికీ తేల్చుకోలేదు. కళ్ళు మూసుకుంటే ఒక్కోసారి ఒకలా కనపడుతుందట. ఆ కారు తాళాలు అతని జేబులోనే ఉన్నాయి.

కాల్చిన పోలీసు మీద కేసు నడిచింది. చూసినవాళ్ళు వచ్చి కోర్టులో చెప్పండని వెర్లిన్ తరఫువాళ్ళు తలుపు తలుపూ తట్టారు. చాలా తలుపులు తెరుచుకోలేదు. ఆనందబాబు కూడా వద్దన్నాడు.

"మనకెందుకే ఈ గొడవ? ఇక్కడే ఉండిపోవచ్చని ల్యాండెడ్ పేపర్లు వచ్చి ఏడాది కూడా కాలేదు. వెనక్కి తోలేస్తే యాడికి పోతాం?"

"మా చిన్నాన్న కొడుకుని చేలో కొట్టి చంపినప్పుడు ఊరంతా చూసింది" అంది బాలకుమారి. "కోర్టులో ఒక్కడన్నా చూశానన్నాడా? పేటోళ్ళ పిల్లోడి కోసం ఎవరొస్తారని ఊరుకున్నారు. పోయినందుకు కాదే, ఎవరూ చూళ్ళేదన్నందుకు కడుపు రగులుద్దని మా పిన్ని ఇప్పటికీ అంటది. నేను చూశాను గదయ్యా."

కోర్టు రోజున ఆనందబాబు సెలవు పెట్టి ఆమె వెంట వెళ్ళాడు.

ఆ రోజుల్లో టొరంటో కోర్టులో తెలుగు దుబాసీ దొరకడం కష్టం. యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివే రంగనాథ్ అనే కుర్రాణ్ణి వెతికి తెచ్చారు. టై కట్టుకుని వచ్చాడు. ఆమెకంటే అతనే ఎక్కువ బెదిరిపోయి ఉన్నాడు.

"ఎవర్టన్ వెనక్కి తిరిగాడు. పోలీసాయన్ని చూసి చెయ్యెత్తాడు" అంది బాలకుమారి.

మనం చెయ్యెత్తి దణ్ణం పెడతాం. చెయ్యెత్తి కొడతాం కూడా. రంగనాథ్ ఒక్క క్షణం తటపటాయించి ఇంగ్లీషులో చెప్పాడు: "హీ రైజ్డ్ హిజ్ హ్యాండ్ ఎట్ ద ఆఫీసర్."

ఆ 'ఎట్' అన్న ముక్క బాలకుమారికి తెలుసు. వంటగదిలో సూపర్‌వైజర్ తన మీద కేకలేసినప్పుడల్లా 'షౌటింగ్ ఎట్ యూ' అని తోటివాళ్ళు వాడే మాట అది.

"నో, నో! నాట్ ఎట్!" అని ఆమె లేచింది.

దుబాసీ ద్వారానే మాట్లాడాలని జడ్జి నెమ్మదిగా చెప్పారు. రంగనాథ్ చెమటలు తుడుచుకుంటూ, రెండు చేతులూ పైకెత్తాడని ఆమె ఉద్దేశమని సరిదిద్దాడు. పోలీసు తరఫు లాయరు తాపీగా నిలబడ్డాడు. సాక్షి మొదట ఒకటి చెప్పింది, ఇప్పుడు ఇంకొకటి చెబుతోంది, ఏది నమ్మాలి, అన్నాడు. బాలకుమారి మాటల్లేక తన చేతులు రెండూ పైకి లేపి చూపించింది. కాగితానికి ఎక్కేది మాటేనట, చేతులు దించమన్నారు.

పోలీసును నిర్దోషిగా వదిలేశారు.

ఆమె సాక్ష్యం ఎలా ఉన్నా తీర్పు అదే అయ్యేదని వెర్లిన్ తరఫు లాయరు తర్వాత చాలాసార్లు చెప్పాడు. వెర్లిన్ అయితే ఆ సాయంత్రమే తలుపు తట్టి ఆమెను కావలించుకుంది.

"మిగతా తలుపులన్నీ మూసుకున్నాయి బాలా. నువ్వొక్కదానివే వచ్చావు" అంది.

ఆ వారమే ఊరేగింపు. అటువంటి చావులు ఆ నగరంలో అదే మొదలు కాదు, నల్లజాతి సంఘాలవాళ్ళు అప్పటికే వీధుల్లో ఉన్నారు. పోలీసుల మీద పోలీసులే విచారణ చేసుకోవడం ఏమిటని అడుగుతున్నారు. వెర్లిన్ ముందు నడిచింది, చేతిలో మైకు. ఆమె వెనకే చీర మీద చలికోటు వేసుకున్న బాలకుమారి. నినాదాలు ఆమెకు నోరు తిరగలేదు. అందుకని కోర్టులో దించమన్న చేతులు మళ్ళీ ఎత్తింది. దారి పొడుగునా దించలేదు. మొదట పక్కవాళ్ళు వింతగా చూశారు. ఆమె ఎవరో తెలిశాక ఒకరి తర్వాత ఒకరు వాళ్ళూ ఎత్తారు. పోలీసు ఆఫీసు ముందుకు చేరేసరికి ఆమె భుజాలు కొయ్యబారిపోయాయి. ఆనందబాబే ఆ చేతుల్ని పట్టుకుని కిందికి దించాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ చేతులు ఎత్తలేదు, ప్రార్థనలో కూడా.

కొన్నాళ్ళకు పోలీసు కాల్పుల మీద బయటివాళ్ళు విచారణ జరిపే పద్ధతి వచ్చింది. వెర్లిన్ ఇంకొకరి బిడ్డ కోసం, మరొకరి బిడ్డ కోసం ఏళ్ళ తరబడి వీధుల్లోకి వెళుతూనే ఉంది. బాలకుమారి ఇల్లు మారింది. కొత్త ఇంట్లో బాల్కనీ తలుపుకు అడ్డంగా బీరువా పెట్టించింది. అయినా ఎవర్టన్ వస్తూనే ఉన్నాడు. సబ్‌వే మెట్ల మీద ముందు వెళ్ళే వీపు అతనిదే. కారిడార్‌లో సరుకుల సంచులతో నడుస్తుంటే వెనకనుంచి "ఆంటీ బాలా" అని వినపడుతుంది. ఆమె గోడవారకు ఒదిగి దారి ఇస్తుంది. ఎవరూ రారు. హోప్‌కు నలభై దాటాయి. ఆనందబాబు పోయాడు. ఎవర్టన్‌కు మాత్రం ఇంకా పంతొమ్మిదేళ్ళే.

"భయమెయ్యదా ఆంటీ?" అని అడిగాను.

"వాడంటే భయమేంది? దారి ఇయ్యకపోతేనే భయం."

చివరి ఏళ్ళలో వెర్లిన్ మతిమరుపుతో ఒక హోమ్‌లో చేరింది. బాలకుమారి గురువారం గురువారం బస్సెక్కి వెళ్ళేది. వెర్లిన్‌కు కొడుకు పోయాడని గుర్తుంది. ఎలా పోయాడో గుర్తులేదు. వెళ్ళిన ప్రతిసారీ అదే ప్రశ్న.

"నువ్వు చూశావా బాలా? వాడేం చేశాడు?"

"చూశాను. రెండు చేతులూ పైకెత్తాడు. ఎవరినీ ఏమీ చెయ్యలేదు."

ఇప్పుడు బాలకుమారి ఇంగ్లీషుకు ఎవరి సాయమూ అక్కర్లేదు. కానీ వెర్లిన్‌కు అది ప్రతి వారమూ కొత్త కబురే. అప్పుడే విన్నట్టు ఏడ్చేది. హోప్ ఊరుకోలేక తల్లిని కోప్పడింది.

"మామ్, జస్ట్ టెల్ హర్ యూ డిడ్‌న్ట్ సీ ఎనీథింగ్. ఎందుకు ఆమెను హర్ట్ చేస్తావ్?"

"నా మాట కోర్టులో ఒకసారి మార్చారు" అంది బాలకుమారి. "ఇప్పుడు నేనే మారుస్తానా?"

ఈ జనవరిలో బస్సులు నడవనంత మంచు పడితే నేనే ఆమెను కారులో తీసుకెళ్ళాను. వెర్లిన్ మంచంలో చిన్నపిల్లంత అయిపోయి ఉంది. కిటికీలోంచి మంచును చాలాసేపు చూసింది. ఆ రోజు పోలీసుల మాట ఎత్తలేదు. చేతుల మాటా ఎత్తలేదు.

"చలిగా ఉంది కదా బాలా. వాడు కోటు వేసుకున్నాడా?"

బాలకుమారి నా వైపు చూసింది. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని వెర్లిన్ దుప్పటి సర్దింది.

"వేసుకున్నాడు వెర్లిన్. గుండీలన్నీ పెట్టుకున్నాడు."

"మంచిది" అని వెర్లిన్ కళ్ళు మూసుకుంది. ఆ వారంలోనే పోయింది.

ఆ రోజు హోమ్ నుంచి తిరిగి వస్తుంటే ఆంటీ నా పక్కన కూర్చుంది. నేను దారి చూసుకుంటూ నెమ్మదిగా నడుపుతున్నాను.

"నీలం చొక్కా" అంది ఉన్నట్టుండి. "సన్నటిది. చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు. కోటు తీసి కారు మీద పడేశాడు. పైనుంచి పిలిచి కోటేసుకోరా అందామనుకున్నా. ఈలోపే పోలీసు కారు వచ్చింది."

వైపర్లు మంచును అటూ ఇటూ తోస్తున్నాయి.

"కోర్టులో ఆ సంగతి నన్నెవరూ అడగలేదమ్మా" అంది.