చివరి ఆరు సెకన్లలో ఒక కేక

1. శనివారం ఉదయం ఐదు గంటల యాభై నిమిషాలకు నేను పెరట్లో పళ్లు తోముకుంటున్నాను. పక్కింట్లో చెంబు కింద పడిన చప్పుడు వినిపించింది.

2. రెండు నిమిషాల తరువాత ఆ ఇంటి ఇల్లాలు గోడ మీదుగా పిలిచారు. "బాబూ, బేగి రా. ఈయన పలకడం లేదు."

3. ఆరు గంటల పది నిమిషాలకు ఆటోలో ఆసుపత్రికి చేరాము. డాక్టరు చూసి, ప్రాణం అప్పటికే పోయిందన్నారు.

4. ఆయన ఎడమకాలి చెప్పు ఆటోలో ఉండిపోయింది. వెతికి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను.

5. ఆయనకు నేను చేరవేయవలసిన మాట ఒకటి నా దగ్గరే మిగిలిపోయింది.

పాఠకులకు ఆయనను పరిచయం చేయాలి. నర్సీపట్నం నుంచి కొయ్యూరు వెళ్లే బస్సులో చాలా ఏళ్లు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. పదేళ్లుగా మా ఇళ్ల మధ్య ఉన్నది ఒక్క గోడ. నాకు కాలేజీ ఎదుట జిరాక్సు షాపు ఉంది. పదో తరగతితో చదువు ఆగినా, రూల్సు పుస్తకం తెప్పించుకుని బాస్కెట్‌బాల్ నియమాలు సొంతంగా నేర్చుకున్నాను. ఆ కాలేజీ ఆడపిల్లల జట్టుకు స్కోరు రాసేది నేనే.

ఆయన మొదటిసారి గ్రౌండుకు వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. చాలాసేపు రింగు వైపు చూసి, నా పక్కకు జరిగి, "ఏటి బాబూ, ఆ బుట్టకి అడుగు లేదు. ఏసిందంతా కింద పడిపోతంది కదా!" అన్నారు. నేను పదిహేను నిమిషాలు నియమాలు వివరించాను. అంతా విని, "సరే గానీ, ఆ పొడుగుపిల్ల మా కొయ్యూరు బస్సు పిల్ల. స్కూలుకెళ్లినప్పుడు ఫుట్‌బోర్డు మీద నిలబడితే తిట్టేవోణ్ణి" అన్నారు. ఆట పట్ల ఆయన అభిమానానికి మొదలు అదే. తరువాత మూడేళ్లలో ఒక్క ఆట కూడా మానలేదు.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. సిమెంటు మెట్ల మీద రెండో వరుసలోనే కూర్చునేవారు. ఆటగత్తెలు లోపలికి వచ్చేటప్పుడు పెదవులు కదుపుతూ తలలు లెక్కపెట్టేవారు, బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ లెక్కపెట్టేవారు. లెక్క సరిపోతే తల ఊపేవారు. ఎందుకని అడిగితే, "బస్సు లేటైనా పర్వాలేదు బాబూ, మనిసి మిగిలిపోకూడదు" అనేవారు. మన జట్టు గెలిచిన రోజున ఎదుటి జట్టు దగ్గరికి వెళ్లి వేరుశెనగ గింజలు పంచేవారు. "గెలిసినోళ్ల సుట్టూ ఎలాగూ జనం ఉంటారు" అన్నది ఆయన వాదన. నా జాబితాల అలవాటును మాత్రం ఎప్పుడూ ఎగతాళి చేయకుండా విడిచిపెట్టలేదు. "నీకు జొరం వొచ్చినా నంబరేసుకుంటావేటి?" అని నలుగురిలో నవ్వించేవారు.

మూడు వారాల కిందట, ఆదివారం, కాలేజీల పోటీలో చివరి ఆట మా గ్రౌండులోనే జరిగింది. ఆరు సెకన్లు మిగిలాయి. మనం ఒక్క పాయింటు వెనుక ఉన్నాము. కొయ్యూరు అమ్మాయి బంతి తీసుకుని రింగు వైపు దూసుకుపోతోంది. అడ్డుకోబోయిన ఎదుటి జట్టు పిల్ల కాలు జారి సరిగ్గా ఆమె దారిలో పడింది. అప్పుడు మెట్ల మీద నుంచి ఆ కేక వచ్చింది.

"హోల్డాన్!"

బస్సు చక్రం దగ్గర మనిషి కనబడితే కండక్టరు వేసే కేక అది. డ్రైవరు వెనక్కి తిరిగి చూడకుండానే బ్రేకు నొక్కుతాడు. అన్నేళ్లు బస్సులో గడిపిన గొంతు ఆట మధ్యలోనూ అదే పని చేసింది. అమ్మాయి టక్కున ఆగింది. మరుక్షణం పక్కకు జరిగి బంతి విసిరింది. బంతి రింగులో పడింది. కాని అది చేతిని వదలకముందే సమయం అయిపోయిందని ఈల మోగింది.

జనం వెళ్లిపోయారు. ఆయన లేవలేదు. "పడింది కదా బాబూ?" అన్నారు.

"పడిందండీ. లెక్కలోకి రాదు."

"నేను అరవకపోతే?"

నేను స్కోరు పుస్తకం మూసి సంచిలో పెట్టాను. ఆ లెక్క అక్కడితో మూసేసి ఉంటే బాగుండేది. మూయలేదు. రెండు రోజులు కూర్చుని "ఓటమికి కారణాలు" అనే శీర్షికతో ఏడు అంశాలు రాశాను. నాలుగవది: చివరి ఆరు సెకన్లలో మెట్ల మీద నుంచి వచ్చిన కేక వలన మన ఆటగత్తె ఆగిపోవుట. ఎంత కచ్చితంగా రాశానో అన్న తృప్తితో, మొదటి ప్రతి ఆయనకే తీసుకెళ్లి ఇచ్చాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. నాలుగో అంశం దగ్గర వేలు ఆగింది.

"ఇది నేనే కదా?"

"అవునండీ. పేరు రాయలేదు."

"పేరెందుకులే. నా గొంతు తెలీనోళ్లెవరు ఈ లైన్లో."

మరునాటి నుంచి ఆయన గ్రౌండుకు రాలేదు. అడిగితే ఆ ఇల్లాలు, "మోకాలు నొప్పంటన్నారు. నాకు తెలీదేటి, అది మోకాలు కాదు" అన్నారు.

ఈ మంగళవారం కొయ్యూరు అమ్మాయి మార్కుల జాబితా జిరాక్సు కోసం షాపుకు వచ్చింది. "కండక్టర్ తాత రావట్లేదేటి సార్?" అని అడిగింది. కారణం చెప్పాను. ఆ కాగితం కూడా చూపించాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"నిజమే సార్, ఆ కేక ఇనే ఆగాను. ఆగకపోతే ఆ పిల్ల సెయ్యి తొక్కేద్దును. నేను పైకే సూస్తన్నాను, కింద సూళ్లేదు. మంచిపని సేసాడని తాతకి సెప్పండి. నాకు పరీక్షలు, శనివారం దాకా రాలేను. మీరు సెప్పండి సార్."

నేను రాసిన అంశం నిజమే, శీర్షిక తప్పని అప్పుడు అర్థమైంది. గోడ మీద చేతులు ఆనించి ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అలా చేయలేదు. మాటగా చెబితే చాలదనిపించింది. జాబితా సవరించి, నాలుగో అంశం తీసివేసి, అమ్మాయి మాటను వేరే పేజీలో ఉన్నదున్నట్టు టైపు చేసి ఇవ్వాలనుకున్నాను. బుధవారం రాశాను. గురువారం దిద్దాను. శుక్రవారం కరెంటు లేదు. శనివారం ప్రింటు తీయవచ్చనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం అమ్మాయి కొయ్యూరు బస్సు దిగి నేరుగా వచ్చింది. అప్పటికి విశాఖ నుంచి కొడుకు వచ్చాడు, పాడె కడుతున్నారు. ఆమె లోపలికి వెళ్లలేదు. నా దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో అడిగింది.

"తాతకి సెప్పారా సార్?"

"లేదమ్మా."

నన్ను ఏమైనా అంటుందనుకున్నాను. పాడె వైపు చూసి, "గోడవతలే కదా సార్ మీరు" అంది. వెళ్లి ఆ ఇల్లాలి పక్కన నేల మీద కూర్చుంది.

శ్మశానం దారిలో, దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. కొడుకు వంగి చెవిలో మూడుసార్లు నాన్నా అని పిలిచాడు. "ఇంకెవరైనా పిలుస్తారేటి?" అని పెద్దాయన ఒకరు అడిగారు. నేను ముందుకు వెళ్లాను. "ఈడు అయినోడా?" అని ఎవరో అన్నారు. కొడుకు నన్ను చూసి, "పిలవనీండి. నాన్నకి ఈయనంటే ఇష్టం" అన్నాడు.

మోకాళ్ల మీద కూర్చుని వంగాను. నాకు అప్పుడు ఏ వరుసా గుర్తు రాలేదు. "ఆ పిల్ల మీ కేక వినే ఆగిందండీ. మీరు మంచిపని చేశారని చెప్పమంది" అన్నాను. మూడుసార్లు చెప్పాను. ఆయన చెవిలో తెల్లటి దూది నిండుగా కుక్కి ఉంది. నా ఊపిరి తగిలి దాని అంచున ఒక పోగు కదిలింది.

ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు,
నర్సీపట్నం.

సుర్ల వెంకట సన్యాసిరావు