గంజి పెట్టిన దేవకన్య

నా చేతుల్లో పాడైన బట్టలకు లెక్క లేదు. కానీ ఒక్క గిన్నెడు గంజితో పన్నెండు గౌన్లనూ, ఒక పికప్ బండినీ, నన్నూ తుపాకీ ముందు నిలబెట్టిన ఘనకార్యం మాత్రం ఒక్కసారే చేశాను. అదే ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, కానీ మరీ గట్టిగా వద్దు. మా ఆవిడ పక్కగదిలోనే ఉంది, తనకు ఇప్పటికీ సగమే తెలుసు.

కువైట్‌ను ఇరాక్ సైన్యం ఆక్రమించిన ఏడాది అది. రాయచోటి నుంచి వెళ్లి, బ్నీద్ అల్ గార్‌లో ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపులో పనిచేసేవాణ్ని. ఇరవై ఆరేళ్ల వయసు, పెద్ద మీసం, ఆ మీసంలో పావువంతు తెలివి. ఎవరేం అడిగినా "తెలుసు" అనడం నా జబ్బు.

ఆ వేసవి మొదట్లో సల్మా మేడం ఒక పాత బొమ్మల పుస్తకం పట్టుకుని షాపుకొచ్చింది. లెబనాన్ ఆవిడ. అబూ హలీఫాలో పిల్లలకు బాలే నేర్పేది. కాలివేళ్ల కొనల మీద నిలబడి చేసే యూరప్ నాట్యం అది.

"నూటయాభై ఏళ్ల కిందట పారిస్‌లో ఇలా వేసుకునేవాళ్లు బాషా," అంటూ ఒక బొమ్మ చూపించింది. "అంతకు ముందు బరువైన పట్టుగౌన్లు ఉండేవి. తర్వాత దేవకన్యల కథలు, ఆత్మల కథలు వచ్చాయి. గాలిలో తేలాలంటే పట్టు బరువు పనికిరాదు కదా. అందుకే పలచటి తెల్లగుడ్డ పొరలు పొరలుగా వేసి, పిక్కల దాకా గంటలాగా జారేట్టు కుట్టారు. వీపున చిన్న రెక్కలు. గ్యాస్ దీపాల వెలుగులో ఆ పిల్ల నేల మీద ఉందో లేదో తెలియకూడదు."

"భలే ఉంది మేడం."

"భలేనే, కానీ ఆ దీపాలు తగిలి గౌన్లు అంటుకునేవి. ప్రాణాలు కూడా పోయాయి." ఆవిడ పేజీ తిప్పింది. "గుడ్డ కాస్త నిలబడాలి. గంజి పెట్టడం తెలుసా?"

"గంజి మా ఊళ్లోనే పుట్టింది మేడం."

"చాలా పలచగా పెట్టాలి."

"తెలుసు మేడం."

పిల్లలకు పదకొండు, మేడంకు ఒకటి కుట్టడం అయిపోయింది, గంజి ఒక్కటే మిగిలింది. అప్పుడొచ్చాయి ట్యాంకులు. షాపు యజమాని సౌదీకి వెళ్లిపోయాడు. నేను, కుట్టుమిషను, పన్నెండు గౌన్లు మిగిలాం. కొన్ని వారాలకు మేడం ఫోన్ చేసింది.

"పిల్లలు గదుల్లోంచి బయటికి రావడం లేదు బాషా. నవ్వడమే మానేశారు. శుక్రవారం మధ్యాహ్నం మా బిల్డింగు బేస్‌మెంటులో నాట్యం పెడుతున్నాను. గౌన్లు తేగలవా?"

ఆ గొంతు విన్నాక కాదనడం నావల్ల కాలేదు. పైగా ఆవిడ పలచగా అన్న మాట నాకు నచ్చలేదు. మా నాయన పంచెకు పెట్టే గంజి ముందు ఇవెంత అనుకున్నాను. ఉన్న బియ్యంలోంచే గిన్నెడు వండి, గరిటె నిలబడేంత చిక్కగా కాచి, గౌన్లన్నీ ముంచి మేడ మీద ఆరేశాను. కువైట్ ఎండ గంటలో తన పని చేసింది. తీయబోతే ఒక్కటీ వంగలేదు. గంటల్లా జారాల్సినవి నడుము దగ్గర నుంచి నలువైపులా అప్పడాల్లా విచ్చుకుని నిలబడ్డాయి. వేలితో కొడితే డప్పు మోగినట్టు మోగాయి.

కడప ఓబులేసన్న షువైఖ్‌లో ఒక గోడౌనుకు పికప్ నడిపేవాడు. బండి తెచ్చి వాటి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం బాషా, ఇవి గౌన్లా, రేకులా?"

"కళ అన్నా, నీకు తెలీదు."

"మడిచి సంచిలో పెట్టు. రోడ్డు మీద మిలట్రీ ఉండాది."

"మడిస్తే ఇరుగుతాయన్నా."

"ఇరిగే గుడ్డ ఈ కాలానికి ఈడ చూస్తాండా," అంటూనే వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి తాడు కట్టాడు.

అబూ హలీఫా దారిలో ఫింతాస్ దాటకముందే చెక్‌పోస్టు. సైనికుడు దూరం నుంచే తుపాకీ ఎత్తాడు. అతనికి కనిపించినవి గౌన్లు కావు, సిగ్నల్ పట్టే తెల్లటి పళ్లేలు. మమ్మల్ని దింపి గోడకు నిలబెట్టారు. బండి లాక్కుంటారేమోనని ఓబులేసన్న దిగులు, మనుషుల్నే లాక్కుపోతారేమోనని నాది.

"షినూ హాదా?" ఇదేమిటి అని అడిగాడు.

అరబ్బీ వచ్చని నాకు మహా ధీమా. లంగాను తన్నూరా అంటారని తెలుసు. భయంలో చివరి దీర్ఘం మింగేసి, "తన్నూర్" అన్నాను. అంటే రొట్టెలు కాల్చే పొయ్యి.

"పొయ్యా? పన్నెండు పొయ్యిలా?"

"అవును సార్. పిల్లల పొయ్యిలు. రెక్కలు కూడా ఉన్నాయి."

ఓబులేసన్న కళ్లు మూసుకున్నాడు. "నోరు మూసుకోప్పా సామీ, నీకు దండం పెడతా."

అధికారి వచ్చాడు. ఒక గౌను తీసి గుండ్రంగా తిప్పి చూశాడు. వేసుకునే బట్ట అని నేను చేతులతో చూపించాను. ఆయన నా మీసం వైపు చూసి, "అయితే వేసుకో" అన్నాడు.

అన్నిటికంటే పెద్దది మేడందే. అది తొడుక్కున్నాను. ఊపిరి బిగబట్టి నిలబడితే ఓబులేసన్న వెనక కొక్కేలు పెట్టాడు. కింద లుంగీ, పైన విప్పిన గొడుగులా గౌను, భుజాల వెనక రెండు రెక్కలు. అధికారి మొహం మామూలుగా ఉంచాలని చాలా కష్టపడ్డాడు. పక్కనున్న సైనికుడు తుపాకీ గోడకానించి కూర్చుండిపోయాడు. వాడికి పద్దెనిమిదేళ్లు కూడా ఉన్నాయో లేదో. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"యల్లా, పోండి," అన్నాడు అధికారి.

మేం ఆగలేదు. దారిలో గౌను విప్పబోతే కొక్కేలు రాలేదు, గంజి కరిచిపెట్టుకుంది. అలాగే, తలుపులో పట్టక పక్కకు తిరిగి, బేస్‌మెంటు మెట్లు దిగాను. పదకొండు మంది పిల్లలు గోడ వారగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి చిన్నపిల్ల ఒకతి కిసుక్కుమంది, ఆ వెనకే గది మొత్తం పడిపడి నవ్వింది. నాకు సిగ్గేసింది.

సల్మా మేడం నా చుట్టూ తిరిగి, గౌను అంచును గోటితో కొట్టి చూసింది.

"బాషా, నేను అడిగిన కాలం ఇది కాదు. గౌన్లు ఇలా పళ్లేల్లా నిలబడింది ఇంకో యాభై ఏళ్లు పోయాక."

"తెలుసు మేడం," అన్నాను.

అందుకని చెప్తున్నాను, సూది సాక్షి, కత్తెర సాక్షి, మెడలో వేలాడే టేపు సాక్షి: నేను వేసుకుని నలుగురిలో నడవలేని బట్టకు ఈ చేతులతో ఇక ఏనాడూ గంజి పెట్టను.